మహమ్మారి రోజుల్లో రోడ్డు మీద పడుకునేవాళ్ళ తరఫున ఎవరిని, ఏమని అడగాలి?

వీధిదీపం
రోగం వచ్చినప్పుడు అన్నం పొట్లాలు పంచే చేతులకు మన ఊళ్ళలో కొదవ లేదు. మనం వెనకబడేది సర్కారును అడగడంలో. "నిరాశ్రయులను ఆదుకోండి" అని అర్జీ ఇస్తే అది ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి పోతుంది, అంతే. ఫలానా ఫ్లైఓవర్ కింద ఇంతమంది, అందులో ఆడవాళ్ళు ఇందరు, ఫలానా ఉత్తర్వు ప్రకారం ఫలానా అధికారి ఇన్ని రోజుల్లో ఇది చేయాలి అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. 2020, 2021లో ఏ కాగితం పనికొచ్చింది, ఎక్కడ బెడిసికొట్టింది, మళ్ళీ అలాంటిది వస్తే మొదటి వారంలోనే చేతిలో ఏముండాలి? పని తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. సొంత కథలు వద్దు, పద్ధతి కావాలి.

లెక్కల మాస్టారు
అన్నిటికంటే ముందు లెక్క. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షలు, అందులో పట్టణాల్లో 9.4 లక్షలు తేలారు. ఒక్క రాత్రి తిరిగితే ఎందరు కంటపడతారో మీరే ఆలోచించండి. మీ వార్డు లెక్క మీరే తీయాలి, అదీ రోగం రాకముందే.

రాత్రి 11 దాటాక మొదలుపెట్టి తెల్లవారుజామున 4 లోపు ముగించండి. ముందే వెళ్తే హోటళ్ళు కట్టేశాక వచ్చి పడుకునేవాళ్ళు తప్పిపోతారు. 4 దాటితే కూరగాయల మార్కెట్లో మూటలు దించే పనికి లేచి వెళ్ళిపోతారు. దారికి ఇద్దరు చొప్పున తిరగాలి, వాళ్ళలో ఒక ఆడమనిషి ఉంటే మంచిది. మొహం మీద టార్చి కొట్టొద్దు, ఫొటో తీయొద్దు, నిద్ర లేపొద్దు, మొదటి రాత్రి పేర్లు అడగొద్దు. నోటుబుక్కులో ఐదు గడులు చాలు: మగ, ఆడ, పిల్లలు, ముసలివాళ్ళు, నడవలేనివాళ్ళు. చోటు మాత్రం ఎవరు చదివినా దొరికేలా ఉండాలి. "బస్టాండు దగ్గర" అని రాస్తే పనికిరాదు. "ఫ్లైఓవర్ పిల్లర్ 12 నుంచి 18 దాకా, చెప్పుల షాపు అరుగు వైపు" అని రాయాలి. వాన కురిసిన రాత్రి లెక్క తగ్గుతుంది, ఉర్సు, జాతర, గుళ్ళో అన్నదానం ఉన్న రాత్రి పెరుగుతుంది. అందుకని వారం మధ్యలో ఒకసారి, శనివారం ఒకసారి తిరిగి రెండు అంకెలూ పెట్టండి.

లాక్‌డౌన్ పడితే ఈ పటం చెదిరిపోతుంది. 2020 మార్చి 22న రైళ్ళు ఆగాక స్టేషన్లలో, వాటి ముందు తలదాచుకునేవాళ్ళంతా పక్క వీధుల్లోకి చెల్లాచెదురయ్యారు. అప్పుడు వాళ్ళెక్కడున్నారో చెప్పగలిగేది తెల్లారకముందే రోడ్డు ఊడ్చే సఫాయి కార్మికులు. వాళ్ళను అడిగి జాబితా సరిచేసుకోండి.

కాగితం పని
మాస్టారు చెప్పిన లెక్కకు తోడు ఉండాల్సిన ఉత్తర్వులు ఇవీ.

2001లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ షెల్టర్ పథకం కొలతలు కూడా ఇచ్చింది: ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగులు తగ్గకూడదు, నీళ్ళు, స్నానాలగది, మరుగుదొడ్డి, దుప్పటి, సామాను దాచుకునే అర ఉండాలి, షిఫ్టుల వారీగా కేర్‌టేకర్లు ఉండాలి. 2011 జనాభానే పట్టుకున్నా జీహెచ్ఎంసీ పరిధికి 67 షెల్టర్లు రావాలి, విశాఖకు 17, విజయవాడకు 10. మీ ఊళ్ళో ఎన్ని నడుస్తున్నాయో చూసి ఆ తేడాను అర్జీ మొదటి పేరాలోనే పెట్టండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది చూసేది పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా, హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగం.

మహమ్మారికి సంబంధించి అతి ముఖ్యమైన కాగితం 2020 మార్చి 28న కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ. లాక్‌డౌన్‌లో చిక్కుకున్న నిరాశ్రయులకు, వలస కార్మికులతో సహా, వసతి, భోజనం, బట్టలు, వైద్యం కోసం రాష్ట్ర విపత్తు స్పందన నిధిని ఖర్చు పెట్టొచ్చని అందులో ఉంది. అంటే డబ్బు నిరాశ్రయులందరికీ. కానీ కింద సాయం అందినప్పుడు జాబితాలు వలస కార్మికుల పేరుతో తయారయ్యాయి. తెలంగాణలో ఒక్కో వలస కార్మికుడికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించారు, మంచిదే. మరి ఇరవై ఏళ్ళుగా నాంపల్లి ఫుట్‌పాత్ మీదే ఉన్న ముసలాయన వలస కార్మికుడు కాదు, తెల్లకార్డు లేదు. ఏ జాబితాలోనూ లేడు. పైగా పొయ్యి లేని మనిషికి బియ్యం ఇస్తే ఎక్కడ వండుకుంటాడు? కాబట్టి అర్జీలో "వలస కార్మికులకు, పేదలకు" అని కలిపేయకండి. "స్థానిక నిరాశ్రయులకు, వండిన భోజనం" అని విడిగా రాయండి.

కొత్త సభ్యురాలు
ఈ అర్జీ కలెక్టర్ గారికి ఇవ్వాలా, మున్సిపల్ కమిషనర్ గారికా? ఇద్దరికీ ఇస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు కదండీ?

కాగితం పని
మంచి ప్రశ్న అడిగారమ్మా. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టర్, అది సెక్షన్ 25. అదే చట్టం సెక్షన్ 12 సహాయ శిబిరాల్లో వసతి, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం విషయంలో కనీస ప్రమాణాలుండాలంటుంది. సెక్షన్ 65 కింద ఫంక్షన్ హాళ్ళు, వాహనాలు ప్రభుత్వం తీసుకోవచ్చు. అందుకే భవనం, డబ్బు కలెక్టర్‌ను అడగాలి. ఇప్పటికే ఉన్న షెల్టర్, టాయిలెట్, నీళ్ళ ట్యాంకరు కమిషనర్‌ను అడగాలి. టెస్టులు, టీకాలు జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్ఓను. ఒకే ఉత్తరంలో మూడూ కలిపారా, ఎవరూ తీసుకోరు. మూడు ఉత్తరాలు, ఒక్కోదాంట్లో ఒకటో రెండో కోరికలు, మిగతా ఇద్దరికీ నకలు.

నమూనా ఇస్తున్నాను, మార్చుకోండి:

"గౌరవనీయులైన కలెక్టర్, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ అధ్యక్షుల వారికి. విషయం: ___ వార్డులో ___ ప్రాంతంలో ఆరుబయట నివసిస్తున్న ___ మందికి (మగ __, ఆడ __, పిల్లలు __) తాత్కాలిక వసతి, వండిన భోజనం గురించి. ___, ___ తేదీల రాత్రి తీసిన లెక్క జతపరిచాము. వీరికి అర కిలోమీటరు దూరంలో ___ ప్రభుత్వ పాఠశాల ఖాళీగా ఉంది. గదులు __, మరుగుదొడ్లు __. హోంశాఖ 28-03-2020 నాటి లేఖ తరహాలో విపత్తు నిధి నుంచి ఖర్చుకు అనుమతించి, 3 రోజుల్లో ఈ పాఠశాలను తెరిపించవలసిందిగా కోరుతున్నాము. నిరాకరించేటట్లయితే కారణం లిఖితపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి వాక్యం తీసేయకండి. రేపు హైకోర్టుకు వెళ్ళాల్సి వస్తే కారణం లేని నిరాకరణ గానీ, మౌనం గానీ మీకు బలమవుతుంది. అర్జీలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్లో రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకోవడం ఆగిపోయిన రోజుల్లో అయితే స్పీడ్ పోస్టు, దాంతోపాటు ఈమెయిల్. వాట్సాప్ మీద ఆధారపడొద్దు, ఆఫీసర్ బదిలీ అయితే ఆ మెసేజ్ కూడా ఆయనతోనే పోతుంది.

మల్లేశం సికింద్రాబాద్
అన్న చెప్పింది సక్కగున్నది. కానీ ఖాళీ స్కూలు తెరిస్తె అందరొస్తరని అనుకోవద్దు. ఎందుకు రారో ముందే అర్జీల రాయాలె. రిక్షా, బండి ఉన్నోడు దాన్ని బయట ఇడిశిపెట్టి లోపల పండడు, ఎందుకంటె పొద్దుగాల అది ఉండదు. చెత్త ఏరుకునేటోళ్ళకు సంచి పెట్టుకునే జాగ కావాలె. భార్యాభర్తల్ని ఇడదీస్తె రారు. పదేండ్లు దాటిన కొడుకును మొగోళ్ళ హాల్లకు పంపుతమంటె తల్లి రాదు. కుక్క ఉన్నోళ్ళు కూడ అంతే.

ఇంకొకటి, తాళం. 2020ల శానా చోట్ల శిబిరంల పెట్టి గేటుకు తాళమేశిన్రు. రోగమొచ్చిందని ఒక్కణ్ణి ఆపుడు వేరు, అందర్ని బందీ చేసుడు వేరు. పొద్దుగాల కూలికి పోనియ్యకపోతె రెండో దినమే గోడ దూకుతరు, మల్లా ఎన్నడూ షెల్టర్ మొకం సూడరు. అర్జీల మూడు ముక్కలు పెట్టున్రి: బండ్లకు జాగ, కుటుంబాలకు వేరె గది, వచ్చిపోయే ఏళల గోడ మీద రాసి పెట్టుడు.

రెడ్‌హిల్స్ నర్సు
మల్లేశం అన్న మాట నిజం. వైద్యం వైపు నుంచి చూసినా పెద్ద హాల్లో అందరినీ కుక్కడం ప్రమాదమే. 2020 ఏప్రిల్ మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక షెల్టర్లో 408 మందికి పరీక్ష చేస్తే 147 మందికి పాజిటివ్ వచ్చింది, వాళ్ళలో ఎక్కువమందికి జ్వరమూ దగ్గూ లేవు. గేటు దగ్గర టెంపరేచర్ గన్ పెట్టి వదిలేస్తే సరిపోదని దాంతో తేలింది. పైగా మే నెల ఎండలో నడిచొచ్చిన మనిషి నుదురు ఎలాగూ వేడిగా ఉంటుంది. నీడలో అరగంట కూర్చోబెట్టి చూడాలి.

హాలు కొలత ఇలా చూడండి. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉంటే 1000 చదరపు అడుగులు. మనిషికి 50 లెక్కన 20 మంది. అదే హాలుకు బోర్డు మీద "సామర్థ్యం 50" అని రాసి ఉంటే ఆ బోర్డు ఫొటో తీసి, టేపుతో కొలిచిన కొలత రాసి జతచేయండి. చాపల మధ్య ఆరడుగులు. వరసలో ఒకరి తల దగ్గర పక్కవాళ్ళ కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టండి. కిటికీలు ఎదురెదురుగా తెరిచి ఉండాలి. ఏసీ ఫంక్షన్ హాలు కంటే వరండాలున్న పాత బడి నయం.

నేల తుడవడానికి, టాయిలెట్లకు ఒక శాతం ద్రావణం కావాలంటే 30 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్ళకు 33 గ్రాములు. మూత తీసి ఉన్న బస్తాలో పౌడర్ బలం పోతుంది, ఘాటు వాసన లేకపోతే వాడొద్దు. ఏ రోజుది ఆ రోజే కలపాలి. మనుషుల మీద మాత్రం చల్లకూడదు. 2020 మార్చి చివర్లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో వలస కూలీల మీద చల్లారు, ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ మనుషుల మీద అలా చల్లవద్దని స్పష్టంగా చెప్పింది. ఎక్కడైనా మొదలుపెడితే ఆ సూచన చూపించి అక్కడికక్కడే ఆపించండి.

ఇంకో రెండు విషయాలు ఎవరూ అడగరు. ఒకటి డిశ్చార్జి. 2020 మే 8 నాటి విధానం ప్రకారం తక్కువ లక్షణాలున్నవాళ్ళను పది రోజులకు, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే, పంపేయొచ్చన్నారు. తర్వాత 7 రోజులు ఇంట్లో విడిగా ఉండాలన్నారు. ఏ ఇంట్లో? ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ముందే రాయండి: చిరునామా లేని రోగిని పంపే ముందు షెల్టర్ విభాగానికి ఫోన్ చేయాలని, సాయంత్రం తర్వాత పంపొద్దని, చేతిలో చీటీ, మందులు ఉండాలని. టెస్టు ఫారంలో ఫోన్ నంబరు, చిరునామా గడులు ఖాళీగా ఉంటే ఫలితం ఎవరికీ చేరదు. షెల్టర్ చిరునామా, ఒక బాధ్యుడి నంబరు రాయించండి. రెండు వారాలు దాటిన దగ్గయితే టీబీకి కఫం పరీక్ష కూడా అడగండి.

రెండోది మద్యం. దుకాణాలు ఒక్కసారిగా మూస్తే రోజూ తాగేవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుంది. 2020 మార్చి చివర హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి అలాంటివాళ్ళ తాకిడి పెరిగింది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు, వాంతులు. రెండో రోజుకి ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మనుషుల్ని గుర్తుపట్టక, లేనివి కనబడుతున్నాయంటూ భయపడతారు. అది పిచ్చి కాదు, నాటకమూ కాదు. 108కి ఫోన్ చేయండి. ఆ దశలో ఉత్త గ్లూకోజ్ ఎక్కించడం హాని చేయొచ్చు, థయామిన్ (బి1 విటమిన్) ముందు ఇవ్వాలి. ఈ ముక్క శిబిరం డాక్టరుకు గుర్తు చేయడానికి మొహమాటపడొద్దు.

వీధిదీపం
నర్సమ్మా, అయితే పెద్ద శిబిరాలు అసలు అడగొద్దంటారా? వానాకాలంలో ఫ్లైఓవర్ కింద వదిలేయడం కూడా సరికాదు కదా.

రెడ్‌హిల్స్ నర్సు
వద్దనను. చిన్నవి ఎక్కువ అడగండి. 200 మందికి ఒక కల్యాణ మండపం బదులు 20 మంది చొప్పున పది బడులు. మొదటి ప్రాధాన్యం 60 దాటినవాళ్ళు, షుగరు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్ళు, గర్భిణులు. వీళ్ళకు లాడ్జి గదులు అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండ్‌లో 2020 మార్చి నెలాఖరులో హోటళ్ళు తీసుకుని రోడ్డు మీదవాళ్ళను అందులో ఉంచారు. మిగతావాళ్ళు లోపలికి రాకపోతే ఉన్న చోటే టాయిలెట్, నీళ్ళు, సబ్బు ఇవ్వాలి.

మల్లేశం సికింద్రాబాద్
గీ ఒక్కటి ఒప్పుకోను అక్కా. లాడ్జి పైసలు ఎప్పుడొస్తయో తెల్వదు. వచ్చేదాంక రోడ్డు మీద టాయిలెట్ తెరిపించుడే పెద్ద పని. సులభ్ కాంప్లెక్సులు బందైతె ఆడోళ్ళు నీళ్ళు తాగుడే బంద్ చేస్తరు, ఎండకాలంల అట్ల చేస్తె పానం మీదికొస్తది. ముందుగాల అది. రాత్రి కూడ తెరిచుండాలె, ఫ్రీ ఉండాలె.

బెజవాడ వంటశాల
తిండి గురించి రాస్తున్నా. వంద మందికి ఒక పూట కిచిడీకి బియ్యం 11 నుంచి 12 కిలోలు, పెసరపప్పు 3 కిలోలు, నూనె లీటరు. కాస్త జారుగా వండండి, పళ్ళు లేనివాళ్ళు చాలామంది ఉంటారు. మే నెలలో సాంబారన్నం పొద్దున పదింటికి వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే మధ్యాహ్నం రెండింటికి తీగ సాగుతుంది. ఆవిరి లోపల పట్టుకుని పులిసిపోతుంది. తీసుకున్నవాళ్ళు సగం దాచుకుని రాత్రికి తింటారన్నది మర్చిపోకండి. దారి దూరమైతే పులిహోర మేలు, అన్నం పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారాక చింతపండు పులుసు కలిపితే రాత్రి దాకా నిలుస్తుంది. చద్ది వాసన వచ్చే ఉప్మా, కొబ్బరి చట్నీ అసలు పంపొద్దు.

ఇదంతా మనం చేసేది. అడగాల్సింది వేరే ఉంది. హైదరాబాద్‌లో 2014లో మొదలైన 5 రూపాయల అన్నపూర్ణ భోజనం లాక్‌డౌన్‌లో ఉచితంగా పెట్టారు. ఆంధ్రాలో అన్న క్యాంటీన్లు 2019లో మూతపడటంతో మహమ్మారి సమయానికి అలాంటి వ్యవస్థే లేకపోయింది, 2024లో మళ్ళీ తెరిచారు. కాబట్టి ఇప్పుడున్న కౌంటర్ల పేర్లు, వేళలు రాసుకుని, విపత్తు ప్రకటిస్తే అవి రాత్రి పూట కూడా ఉచితంగా నడవాలని, కర్ఫ్యూలో అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళను పోలీసులు ఆపకూడదని ఇప్పుడే రాయించండి. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికుల కేసులో మహమ్మారి ఉన్నంతకాలం సామూహిక వంటశాలలు నడపాలని చెప్పింది. ఆ తీర్పు తేదీ అర్జీలో ఉండాలి.

టీకా డెస్క్
టీకాల దగ్గర 2021లో మొదట అడ్డం వచ్చింది గుర్తింపు కార్డు, తర్వాత ఫోన్ ఓటీపీ. మే 6న కేంద్ర ఆరోగ్యశాఖ ఏ కార్డూ లేనివాళ్ళ కోసం విడిగా పద్ధతి ఇచ్చింది. సాధువులు, సంచార జాతులు, బిచ్చమెత్తుకునేవాళ్ళు, వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళు దాని కిందికి వచ్చారు. జిల్లా టాస్క్‌ఫోర్స్ ఒక ఫెసిలిటేటర్‌ను (వీళ్ళ తరఫున పని చూసే బాధ్యుడిని) పెట్టాలి, ఆయన ఫోన్ మీద పేర్లు ఎక్కించి ప్రత్యేక సెషన్ నడపాలన్నారు.

ఇందులో చెడిపోయేది రెండో డోసు. కోవాగ్జిన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు, కోవిషీల్డ్‌కు అప్పట్లో 12 నుంచి 16 వారాలు. మూడు నెలల్లో మనిషి ఊరే మారిపోతాడు. సర్టిఫికెట్ ఫెసిలిటేటర్ ఫోన్లో ఉండిపోతుంది, ఈయన చేతిలో ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడైనా టీకా కాగితం అడిగితే పనికి రానివ్వరు. అందుకే సెషన్ అడిగేటప్పుడు చిన్న ప్రింటర్, లామినేషన్, మెడలో వేసుకునే పౌచ్ కూడా అడగండి. కాగితం మీద టీకా పేరు, తేదీ, రెండో డోసు తేదీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. వేళ కూడా ముఖ్యం. పొద్దున 10 నుంచి 4 దాకా పెడితే పనికెళ్ళినవాళ్ళు రారు. సాయంత్రం భోజనం పెట్టే చోటే పెట్టించండి. మర్నాడు ఒళ్ళు నొప్పులతో పని పోతుందనే భయం అందరిలో ఉంటుంది, ఆ రోజు భోజనం గ్యారంటీ అని ముందే చెప్పగలగాలి.

కాగితం పని
కార్డుల మాట వచ్చింది కాబట్టి, అంటురోగం లేని రోజుల్లోనే చేయాల్సినవి చెప్తాను. గుర్తింపు పొందిన షెల్టర్ నిర్వాహకుడు ఆధార్ సంస్థ నిర్ణీత ఫారంలో ఫొటో మీద సంతకం, సీలుతో ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌కు చెల్లుతుంది. దాని గడువు 3 నెలలే, అందుకని రాయించిన వారంలోనే కేంద్రానికి తీసుకెళ్ళండి. మూటలు మోసి, సిమెంటు కలిపి వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు కనుపాప తీయించాలి. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే ఈపోస్ మిషన్ దగ్గర మళ్ళీ ఇదే సమస్య వస్తుంది.

ఓటరు కార్డుకు ఫారం 6లో పడుకునే చోటునే చిరునామాగా రాయొచ్చు. బూత్ లెవెల్ అధికారి రాత్రి పూట, ఒకటి కంటే ఎక్కువ రాత్రులు వచ్చి అక్కడే పడుకుంటున్నారని చూస్తే చాలు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఈ నిబంధన చాలామంది బీఎల్ఓలకే తెలియదు. ప్రింటు తీసి చేతికివ్వండి.

కొత్త సభ్యురాలు
పోలీసులు బిచ్చగాళ్ళ చట్టం కింద ఎత్తుకెళ్తే?

న్యాయసేవ
1977 భిక్షాటన నిరోధక చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షాటన నిషేధించి, దొరికినవాళ్ళను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. మహమ్మారిలో బిచ్చమెత్తుకునేవాళ్ళను కూడళ్ళలో, మార్కెట్లలో ఉండనివ్వొద్దని కోరుతూ వేసిన పిటిషన్లో 2021 జూలై 27న సుప్రీంకోర్టు, బిచ్చం ఎత్తుకోవడం పేదరికం వల్ల వచ్చిన సామాజిక సమస్య అని, వీధుల్లోంచి తొలగించమని ఆదేశించబోమని, వాళ్ళకు టీకాలు, వైద్యం అందించడం గురించి చెప్పాలని ప్రభుత్వాలను అడిగింది. స్టేషన్‌కు వెళ్ళేటప్పుడు ఆ ఉత్తర్వు కాపీ తీసుకెళ్ళండి.

మానసిక సమస్యతో తిరుగుతున్నవాళ్ళ విషయంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 సెక్షన్ 100 చదవండి. పోలీసులు 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు లేనివాళ్ళయితే తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. పోలీసులు ఒప్పుకోకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఫోన్ చేయండి, హెల్ప్‌లైన్ 15100. లాయరు ఉచితం: ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, విపత్తు బాధితులు 1987 చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో పని లేకుండా అర్హులు. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేయాలన్నా ముందు అక్కడికే వెళ్ళండి. పైన చెప్పిన సీలు వేసిన అర్జీలు, రాత్రి లెక్కలు, కొలతలు ఉంటే పిటిషన్ రాయడం ఒక్క రోజు పని.

లెక్కల మాస్టారు
సమాచార హక్కు కింద 30 రోజులు ఆగాలి కదా, అంతలో రోగం పెరిగిపోదా?

న్యాయసేవ
ప్రాణానికి సంబంధించినదైతే సెక్షన్ 7(1) ప్రకారం 48 గంటల్లో ఇవ్వాలి మాస్టారూ. అయితే "షెల్టర్ల వివరాలు ఇవ్వండి" అని రాస్తే దాన్ని మామూలు దరఖాస్తుగా చూస్తారు. మొదటి వాక్యంలోనే ఎవరి ప్రాణం, ఎక్కడ, ఎందుకు ప్రమాదంలో ఉందో రాయాలి: "___ షెల్టర్లో 20 మంది పట్టే చోట 60 మంది ఉన్నారు, ఇద్దరికి జ్వరం." తర్వాత నాలుగే ప్రశ్నలు: ఈ షెల్టర్ విస్తీర్ణం, నిన్న రాత్రి హాజరు పట్టీ నకలు, చివరిసారి డాక్టరు వచ్చిన తేదీ, ఈ నెల మంజూరైన డబ్బు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు రుజువుంటే అదీ లేదు. మామూలు రోజుల్లో అయితే ఇప్పుడే 30 రోజుల దరఖాస్తు ఒకటి వేసి, మీ ఊరి షెల్టర్లన్నిటి చిరునామాలు, కొలతలు, నిర్వాహక సంస్థలు, ఒప్పందం గడువు తెప్పించుకుని పెట్టుకోండి.